కుట్టు, కట్టు: ఇంటి పెరట్లో తెరచాప కెటమరాన్ కట్టుకునే విధానం

మనం పడవ చేశాం అనం, పడవ కట్టాం అంటాం. ఇక్కడ చెప్పబోయే పడవకు ఆ మాట అక్షరాలా సరిపోతుంది. దీని పలకలను రాగి తీగతో కుడతాం. రెండు పడవలను పక్కపక్కన పెట్టి, అడ్డదూలాలకు తాడుతో కడతాం. మొత్తం పడవలో ఆ కుట్టూ ఈ కట్టూ సరిగ్గా కుదిరితే మిగతా పొరపాట్లన్నీ సముద్రం క్షమిస్తుంది.

కెటమరాన్ అనే మాట తమిళ ‘కట్టుమరం’ నుంచి వచ్చింది. కట్టిన మాను అని అర్థం. మన తీరంలో దాన్నే తెప్ప అంటారు. దుంగలను పక్కపక్కన పేర్చి తాడుతో బిగించేవారు. ఇప్పుడు ఆ మాటను రెండు పడవలను జతకట్టిన ఈ రకానికి వాడుతున్నారు. అలల్లో సరుకులూ మనుషులనూ ఒడ్డుకు దించిన మసూలా పడవలు ఇదే కోరమండల్ తీరానివి. వాటి పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. నేల తాకినప్పుడు పలకలు కొంచెం కదిలి దెబ్బను మింగేవి. ఈ రెండు పద్ధతులూ తెలిసిన తీరంలో పుట్టినవాళ్ళం కాబట్టి, ఈ పడవ నిర్మాణం మనకు త్వరగానే ఒంటబడుతుంది.

కాకినాడలో మా ఇంటి పెరట్లో నేనూ మా బావమరిదీ ఉద్యోగాలు చేసుకుంటూనే 21 అడుగుల కెటమరాన్ కట్టాం. ఆదివారాలు, వారంలో రెండు మూడు రాత్రులు కలిపి రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ఏ పడవ కట్టాలి

సొంతంగా డిజైన్ చేయకండి. మొదటి పడవకు ఎంతోమంది కట్టి, సముద్రం మీద తిప్పి చూసిన ప్లాన్ కొనుక్కోండి. మేం ఎంచుకున్నది జేమ్స్ వారమ్ గీసిన టికి 21. ఇంగ్లండ్‌కు చెందిన వారమ్ పసిఫిక్ దీవుల జంట పడవలను చదివి, 1950ల మధ్యలో తాను కట్టిన 23 అడుగుల పైచిలుకు టంగరోవాలో ఇద్దరు సహచరులతో అట్లాంటిక్ దాటాడు. 1959లో రోంగో అనే పెద్ద కెటమరాన్‌లో ఉత్తర అట్లాంటిక్‌ను పడమర నుంచి తూర్పుకు దాటాడు. 2021లో చనిపోయేదాకా ఆయన పని అంతా ఒకటే, మామూలు మనిషి ఇంటి దగ్గర కట్టుకోగల సముద్రపు పడవ గీయడం. టికి 21 ఎంత గట్టిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. రోరీ మెక్‌డూగల్ దాన్ని స్వయంగా కట్టుకుని, 1991 నుంచి 1997 వరకు ప్రపంచం చుట్టి వచ్చాడు.

దీని పొడవు 21 అడుగులు, రెండు హల్స్ కలిపి వెడల్పు 12 అడుగులు. హల్ అంటే నీళ్ళలో తేలే పడవ ఒళ్ళు. అడుగు ‘వి’ ఆకారంలో ఉంటుంది కాబట్టి గాలి పక్కకు నెట్టకుండా ఆ ఆకారమే ఆపుతుంది. కిందికి దించే పలక అవసరం లేదు. నీటిలో మునిగే లోతు అడుగు పైచిలుకే, కాబట్టి ఇసుక మీదికి నేరుగా ఎక్కించవచ్చు. ఒక్కో హల్‌లో ఒక మనిషి పడుకునే చోటు ఉంటుంది. ఇది ఇల్లు కాదు, టెంట్ లాంటిది. కుటుంబమంతా వంట చేసుకుంటూ తిరగాలనుకుంటే ఇది మీ పడవ కాదు. అలాగని 30 అడుగుల దానితో మొదలుపెట్టకండి. పొడవు ఒకటిన్నర రెట్లయితే పని ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లు దాటుతుంది. పెరళ్ళలో సగంలో ఆగిపోయిన పడవల్లో ఎక్కువ భాగం పెద్దవే.

ప్లాన్ కొంటే ఒక్క పడవ కట్టుకునే హక్కు వస్తుంది. దాన్ని జిరాక్స్ తీసి పంచకండి. ప్లాన్ వచ్చాక నెల రోజులు కట్టడం మొదలుపెట్టకుండా చదవండి. అట్టముక్కలతో పదో వంతు నమూనా చేయండి. ఏ ముక్క ఎప్పుడు వస్తుందో చేతికి తెలిసిపోతుంది.

తెరచాప నడపడం రాకపోతే ముందు అది నేర్చుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ క్లబ్బులున్నాయి. పది పూటలు చిన్న పడవలో తిరిగాక ఈ కోరిక ఇంకా మిగిలి ఉంటే అప్పుడు ప్లైవుడ్ కొనండి.

చోటు, కాలం, డబ్బు

హల్ పొడవు 21 అడుగులు. చుట్టూ తిరగడానికి కనీసం 26 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు చోటు కావాలి. ఒకేసారి ఒక హల్ కట్టవచ్చు కాబట్టి ఇది చాలు. పైన టార్పాలిన్ కాదు, రేకుల కప్పు వేయండి. టార్పాలిన్ ఒక్క వానాకాలానికే చినుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద నిలబడలేం నిజమే, కానీ మధ్యాహ్నం రెసిన్ పని, అంటే కలపను అతికే, పూసే జిగురు పని, ఎలాగూ చేయకూడదు. ఎందుకో కిందన చెబుతాను.

మొదలుపెట్టేముందు గేటు కొలవండి. గేటే కాదు, గేటు నుంచి వీధి మలుపు దాకా కొలవండి. 21 అడుగుల కర్ర ఒకటి తీసుకుని ఇద్దరు చెరో కొస పట్టుకుని ఆ దారిన నడవండి. మా వీధి చివర కరెంటు స్తంభం దగ్గర కర్ర తిరగలేదు. ఆ సంగతి ముందే తెలిసింది కాబట్టి పక్కింటివాళ్ళను అడిగి వాళ్ళ స్థలం గుండా దారి చూసుకున్నాం.

కాలం లెక్క ఇలా వేసుకోండి. ఈ సైజు పడవకు మొదటిసారి కట్టేవాళ్ళకు కొన్ని వందల గంటలు పడుతుంది. 500 గంటలనుకుంటే, వారానికి పది గంటలు చొప్పున యాభై వారాలు. అంటే ఏడాది. వానలు, పెళ్ళిళ్ళు, పండగలు, జ్వరాలు కలిపితే రెండేళ్ళు. ఇంట్లోవాళ్ళకు మొదటే రెండేళ్ళని చెప్పండి. ఏడాదని చెప్పి సాగదీస్తే టెన్షన్ అందరికీ.

ఖర్చులో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే. హల్స్ పూర్తయితే పడవ పూర్తయినట్టే అనుకుంటారు. హల్స్‌కు అయ్యేది మొత్తంలో దాదాపు మూడో వంతు. దూలాలు, డెక్ (హల్ పైకప్పు), తెరచాప కట్టే కొయ్య, చుక్కాని, రంగులకు ఇంకో వంతు. తెరచాపలు, తాళ్ళు, లంగరు, లైఫ్ జాకెట్లు, చిన్న ఇంజన్ మిగతా వంతు. ప్లైవుడ్ బిల్లు చేతికి రాగానే దాన్ని నాలుగైదుతో గుణించి చూసుకోండి.

ప్లైవుడ్, కలప

మన దుకాణాల్లో మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే ప్రమాణం ఉంది. ఆ అంకె ప్రతి షీటు మీదా ముద్రించి ఉండాలి. ఐఎస్ 303 అనేది ఫర్నిచర్ రకం, పడవకు పనికిరాదు. అయితే ముద్ర చూసి కొనేస్తే సరిపోదు. 710 ముద్ర గ్యారంటీ ఇచ్చేది ముఖ్యంగా జిగురుకు, కలప జాతికి. లోపలి పొరల్లో సందులు ఉన్నాయో లేదో మీరే చూసుకోవాలి.

షీటు అంచును వెలుతురులో పెట్టి నాలుగు వైపులా చూడండి. పొరల మధ్య చీకటి గీతలు కనిపిస్తే వద్దు. వేలి కణుపుతో షీటంతా తట్టండి. బోలుగా మోగిన చోట లోపల ఖాళీ ఉన్నట్టు. తర్వాత రెండంగుళాల ముక్క కోయించుకుని ఇంటికి తెచ్చి ఎనిమిది గంటలు ఉడకబెట్టండి. ఆరబెట్టి, మళ్ళీ ఉడకబెట్టండి. మేం మూడు దుకాణాల నుంచి ముక్కలు తెచ్చాం. ఒకటి రెండో ఉడుకుకే పుస్తకంలా విడిపోయింది, దాని మీద కూడా 710 అనే ఉంది.

బరువు కూడా చూడండి. 6 మిల్లీమీటర్ల 8 బై 4 షీటు తేలిక కలపదైతే తొమ్మిది కిలోల దగ్గర తూగుతుంది. మన దగ్గర దొరికే గర్జన్ రకం పన్నెండు కిలోలు దాటుతుంది. ఇరవై షీట్లు వాడితే తేడా అరవై డెబ్బై కిలోలు, అంటే ఒక మనిషి బరువు. కెటమరాన్‌కు బరువే మొదటి శత్రువు. తేలికది దొరికితే ధర ఎక్కువైనా తీసుకోండి. గర్జనే వాడాల్సి వస్తే ఆ మనిషిని సామాన్లలో తగ్గించుకోండి.

దూలాలకు, కొయ్యకు, పొడవాటి బద్దలకు ముడులు లేని, పోగు నేరుగా సాగిన, బాగా ఎండిన కలప కావాలి. పైన్ మంచిది. టేకు అయితే అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. లేకపోతే దానిలోని నూనె జిగురును పట్టనివ్వదు. ఏ కలపనైనా ఇటుకల మీద, నేలకు ఎత్తుగా పేర్చండి. కోస్తా ఇళ్ళలో చెదలకు రెండు వారాలు చాలు.

రెసిన్: ఇక్కడ తొందరపడకండి

మన తీరమంతా ఇప్పుడు ఫైబర్ బోట్లే. అవి కట్టే వర్క్‌షాపుల్లో పాలిస్టర్ రెసిన్ వాడతారు, చవక. ‘అదే వాడండి సార్, మేం వాడట్లేదా’ అంటారు. ఫైబర్ మీద ఫైబర్‌కు అది సరిపోతుంది. కలపను మాత్రం పాలిస్టర్ గట్టిగా పట్టుకోదు. కొన్నేళ్ళకు పొక్కులా లేస్తుంది, ఆ సందులో నీరు చేరి కలప కుళ్ళుతుంది. మన పడవకు మొదటి నుంచి చివరి దాకా ఎపాక్సీ మాత్రమే.

ఎపాక్సీలో రెసిన్, హార్డనర్ అని రెండు భాగాలుంటాయి. వాటి నిష్పత్తి బ్రాండును బట్టి మారుతుంది. డబ్బా మీద బరువు ప్రకారం అని ఉందో, కొలత (ఘనపరిమాణం) ప్రకారం అని ఉందో చూడండి, రెండూ ఒకటి కావు. గ్రాములు చూపే వంటింటి కాటా ఒకటి ఇందుకే కొనండి. త్వరగా గట్టిపడాలని హార్డనర్ ఎక్కువ పోస్తే గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు అందాజాగా పోసి ఒక బల్క్‌హెడ్‌ను, అంటే పడవను గదులుగా విడదీసే అడ్డగోడను, అతికించాను. నాలుగో రోజుకు కూడా వేలికి అంటుతూనే ఉంది. మొత్తం గీకి, కలపదాకా తీసి మళ్ళీ వేయడానికి మూడు ఆదివారాలు పోయాయి. కాటా పనిచేయకపోతే ఆ పూట పని ఆపేయండి.

విదేశీ పుస్తకాల్లో చలికి రెసిన్ గట్టిపడదని, హీటర్లు పెట్టమని రాస్తారు. మన సమస్య దానికి తలకిందులు. పది డిగ్రీల వేడి పెరిగితే రెసిన్ గట్టిపడే సమయం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట ఇచ్చే రెసిన్ మే నెల రేకుల కింద పది నిమిషాలు కూడా ఇవ్వదు. గ్లాసులో ఎక్కువ కలిపితే తన వేడికి తానే ఉడికి పొగ కక్కుతుంది. నిదానంగా గట్టిపడే హార్డనర్ కొనండి. ఒక్కసారికి 200 గ్రాములకు మించి కలపకండి. కలపగానే వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పోసుకోండి.

పూతలు సాయంత్రం వేళ వేయాలి, పొద్దున కాదు. దీనికి చక్కని కారణం ఉంది. సాయంత్రం కలప చల్లబడుతుంటే లోపలి గాలి ముడుచుకుని రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. పొద్దున ఎండ ఎక్కుతుంటే ఆ గాలి ఉబ్బి రెసిన్‌లోంచి బుడగలుగా బయటికి వస్తుంది. మా మొదటి హల్ ఎడమ వైపు ఇప్పటికీ వేలితో తడిమితే ఆ బుడగల గుంటలు తెలుస్తాయి.

తేమ ఇంకో సంగతి. వానరోజుల్లో, మంచు పడే రాత్రుల్లో గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలా జిడ్డు పొర కడుతుంది. దాని మీద వేసిన తర్వాతి పూత పట్టదు. థిన్నర్‌తో తుడిస్తే పోదు, మంచినీళ్ళతో, గిన్నెలు తోమే పీచుతో కడిగితేనే పోతుంది. కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టాలి. ముందే రుద్దితే జిడ్డును లోపలికి తోసినట్టే. ముసురు పట్టిన రోజుల్లో రెసిన్ డబ్బా తెరవకండి. అప్పుడు చేయడానికి చుక్కాని కోయడం, కొయ్య చిత్రిక పట్టడం లాంటి పొడి పనులు బోలెడుంటాయి.

చేతికి నైట్రైల్ గ్లౌజులు ఎప్పుడూ ఉండాలి. ఎపాక్సీ ఒంటికి పదేపదే తగిలితే ఎలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే జీవితాంతం ఉంటుంది. పడవ సగంలో వదిలేయాల్సి వస్తుంది. చేతికంటితే సబ్బు, వెనిగర్‌తో కడగండి. థిన్నర్‌తో కడిగితే అది చర్మంలోకి ఇంకా లోతుగా పోతుంది. రుద్దేటప్పుడు దుమ్ముకు మంచి మాస్కు పెట్టుకోండి, చేతి రుమాలు చాలదు.

గీత, కోత, కుట్టు

ప్లైవుడ్ షీటు 8 అడుగులే కాబట్టి ముందు షీట్లను అతికి పొడవు పలక చేయాలి. వెనక పట్టీ వేసి అతకవచ్చు, లేదా రెండంచులనూ ఏటవాలుగా చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టవచ్చు. ఏటవాలు పొడవు మందానికి ఎనిమిది రెట్లు, అంటే 6 మిల్లీమీటర్లకు 48. మీ ప్లాన్ ఏది చెబితే అది చేయండి.

ప్లాన్‌లో ఆకారం గీసి ఉండదు, కొలతలు ఉంటాయి. షీటు మీద అడుగు అడుగుకు అడ్డగీతలు గీసి, ఒక్కో గీత మీద కొలత చుక్క పెట్టి, ప్రతి చుక్క దగ్గరా చిన్న మేకు కొట్టండి. పొడవాటి, ముడిలేని సన్నని బద్దను ఆ మేకులకు ఆనించి వంచండి. దూరంగా వెళ్ళి, కొస నుంచి ఒక కన్ను మూసి చూడండి. వంపు ఎక్కడైనా ఎగుడుదిగుడుగా ఉంటే ఏదో ఒక చుక్క తప్పు పెట్టారు. అన్నీ సరిపోయాకే పెన్సిల్. నాలుగు పక్క పలకలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి ఒకేసారి అంచు చిత్రిక పడితే నాలుగూ అచ్చుగుద్దినట్టు వస్తాయి.

ఇక కుట్టు. రెండు పలకలను ముఖాముఖి పెట్టి, అడుగు అంచు వెంబడి, అంచుకు సెంటీమీటరు లోపున, నాలుగంగుళాలకొక రంధ్రం సన్నటి డ్రిల్‌తో వేయండి. 18 గేజ్ రాగి తీగ మోటార్ వైండింగ్ షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతుంది. ప్రతి రంధ్రం గుండా తీగ దూర్చి, వదులుగా మెలితిప్పండి. వదులుగానే ఉంచండి, ఎందుకంటే ఇప్పుడు ఆ రెండు పలకలనూ పుస్తకం తెరిచినట్టు విప్పాలి. విప్పి మధ్యలో అడ్డకర్ర పెట్టి, బల్క్‌హెడ్‌లను ఒక్కొక్కటిగా లోపల కూర్చోబెట్టాలి. గంట కిందటి దాకా నేల మీద పడి ఉన్న ప్లైవుడ్ కళ్ళముందే పడవ అవుతుంది. మా ఇంట్లోవాళ్ళు పని మీద నమ్మకం పెట్టుకుంది ఆ సాయంత్రమే.

ఆ ఉత్సాహంలోనే అసలు ప్రమాదముంది. ఈ దశలో హల్ తడిగుడ్డలా మెలిక తిరుగుతుంది. అది కంటికి కనిపించదు. రెసిన్ పడ్డాక మాత్రం ఆ మెలిక శాశ్వతం. మెలిక తిరిగిన హల్ జీవితాంతం పడవను ఒక పక్కకు లాగుతుంది. అందుకని ముక్కు నుంచి తోక దాకా నూలు తాడు బిగించి లాగండి. ప్రతి బల్క్‌హెడ్ మధ్య గీతా ఆ తాడు కిందే ఉండాలి. తూకం గుండు వేలాడదీసి ప్రతి బల్క్‌హెడ్ నిలువు చూడండి. మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో అడ్డం మట్టం చూడండి.

మాకు తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పెద్దాయన ఒకరు సాయం వచ్చారు. ఆ చుట్టుపక్కల ఓడలు కట్టడం పాత విద్య. పక్కనే ఉన్న కోరంగి 1839 తుపానుకు ముందు పెద్ద ఓడరేవు. ఆయన వచ్చి, హల్ చుట్టూ ఒకసారి నడిచి, వెనక మూడో బల్క్‌హెడ్ దగ్గర చెయ్యి పెట్టి ‘ఇక్కడ తిరిగిందండి బాబూ’ అన్నారు. ట్యూబు పెట్టి చూస్తే తొమ్మిది మిల్లీమీటర్లు. మేం రెండుసార్లు కొలిచి సరిగ్గా ఉందనుకున్న చోటే అది. నీళ్ళ ట్యూబులో గాలి బుడగ ఉండిపోయిందని అప్పుడు తెలిసింది. ట్యూబులో బుడగ ఉంటే మట్టం అబద్ధం చెబుతుంది, ప్రతిసారీ చూసుకోండి. మట్టం అన్ని చోట్లా కుదిరాక ఒక రాత్రి అలా వదిలేసి, పొద్దున మళ్ళీ కొలిచి, అప్పుడే తీగలు బిగించండి.

ఫిల్లెట్, టేపు

రెండు పలకలు కలిసే లోపలి మూలలో రెసిన్ ముద్దతో గుండ్రటి నింపుడు వేస్తాం. దీన్నే ఫిల్లెట్ అంటారు. కలిపిన ఎపాక్సీలో సన్నగా జల్లెడ పట్టిన రంపపు పొట్టు, కొంచెం సిలికా పొడి కలపాలి. గారెల పిండి ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా ఉండాలి. గరిటె తిరగేస్తే జారకూడదు. ముందు మూలంతా పలచటి రెసిన్ పూసి, అది తడిగా ఉండగానే ముద్ద పెట్టి, కొస గుండ్రంగా కోసిన ప్లైవుడ్ ముక్కతో ఒక్క లాగు లాగండి. గుండ్రం ఎంతుండాలో ప్లాన్ చెబుతుంది. దానికన్నా పెద్దది వేస్తే బలం పెరగదు, బరువే పెరుగుతుంది.

మొదట కుట్టుకీ కుట్టుకీ మధ్య చిన్న చిన్న ముద్దలు పెట్టి గట్టిపడనివ్వండి. తర్వాత తీగలు లాగేయండి. రానివాటిని సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేస్తే జారి వస్తాయి. అప్పుడు పూర్తి ఫిల్లెట్ వేసి, అది పచ్చిగా ఉండగానే గ్లాస్ టేపు (గాజు నూలు పట్టీ) పరిచి రెసిన్‌తో తడపండి. టేపు తెల్లగా కనిపించిన చోట రెసిన్ అందలేదు, నీళ్ళలా పారదర్శకమైతే సరిపోయినట్టు. గుడ్డ బరువెంతో రెసిన్ బరువు దాదాపు అంతే. అంతకన్నా ఎక్కువ పోస్తే తేలుతుంది, అది గీకి తీసేయండి.

డెక్ మూసే ముందు హల్ లోపలంతా మూడు పూతలు వేయండి. మూసేశాక అక్కడికి చెయ్యి వెళ్ళదు, వాన నీరు మాత్రం వెళుతుంది. ముందూ వెనకా గదులను పూర్తిగా నీరు చొరనివిగా మూయాలి. పడవ తిరగబడినా మునగకుండా ఆపేవి అవే. మూశాక సబ్బునీళ్ళు అతుకుల మీద రాసి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. బుడగ వచ్చిన చోట కారుతుంది.

డెక్, మూతలు, కూర్చునే అంచులు ప్లాన్ ప్రకారం వెళ్ళిపోతాయి, ఇక్కడ చెప్పాల్సింది పెద్దగా లేదు. ఒక్కటే జాగ్రత్త. స్క్రూ పడే ప్రతి రంధ్రాన్నీ రెట్టింపు లావున తొలిచి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ సన్నగా తొలవండి. అలా చేస్తే స్క్రూ పక్క నుంచి నీరు కలపను తాకదు.

బయటి గుడ్డ, రంగు

బయటి మూలలన్నీ గుండ్రం చేయండి. పదునైన అంచు మీద గుడ్డ నిలవదు, రంగు కూడా నిలవదు. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే గ్లాస్ గుడ్డను పొడిగా పరిచి, మడతలు లేకుండా చేత్తో సవరించి, పై నుంచి రెసిన్ పోస్తూ రబ్బరు గీకుడుతో నెట్టండి. గుడ్డ నేత కనపడకుండా పోయేదాకా తర్వాతి పూతలు. కీల్ (హల్ అడుగు అంచు) కింద ఇసుకకు రాసుకునే చోట అదనంగా రెండు పొరలు వేయండి.

ఎపాక్సీ ఎండకు తట్టుకోదు. ప్రైమర్, ఆ పైన మంచి పాలీయురెథేన్ రంగు తప్పనిసరి. డెక్‌కు తెలుపో, లేత రంగో వేయండి. ముదురు నీలం ఫోటోల్లో బాగుంటుంది కానీ, మన ఎండకు దాని కింద ఎపాక్సీ మెత్తబడుతుంది.

దూలాలు, కట్లు

రెండు హల్స్‌నూ కలిపేది మూడు అడ్డదూలాలు. వాటిని బోల్టులతో బిగించం, తాడుతో కడతాం. చూసినవాళ్ళంతా ఇక్కడే ఆగిపోతారు. ‘తాడా, బోల్టు వేసుకోవచ్చు కదా’ అని ఇంజినీర్లు కూడా అంటారు. వేయకండి. అల వచ్చినప్పుడు ఒక హల్ లేస్తుంది, ఇంకొకటి దిగుతుంది. బోల్టు ఉంటే ఆ బలమంతా ఒక రంధ్రం అంచు మీద పడి, కలప అక్కడ నలిగి, నీరు చేరి కుళ్ళుతుంది. కట్టు ఉంటే ఆ బలం తాడు చుట్లన్నిటికీ పంచుకుపోతుంది, దూలం వెంట్రుకవాసి కదిలి మళ్ళీ కూర్చుంటుంది. పైగా తాడు అరిగితే కంటికి కనిపిస్తుంది, బోల్టు లోపల తుప్పు కనిపించదు.

సాగుడు తీసేసిన పాలిస్టర్ తాడే వాడండి. నైలాన్ వద్దు, తడిస్తే సాగి వదులవుతుంది. తాడు ఆనే ప్రతి అంచునూ వేలి మొనంత గుండ్రం చేయండి. ప్లాన్‌లో ఎన్ని చుట్లంటే అన్ని చుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. ప్రతి చుట్టునూ కర్ర మీద మెలేసి, కాలితో తన్ని లాగి బిగించండి. చివర్లో అన్నీ ఒకేసారి బిగిద్దామంటే కుదరదు. చుట్లు పూర్తయ్యాక, ఆ చుట్ల నడుముకు అడ్డంగా ఇంకొన్ని చుట్లు వేసి పిసికినట్టు బిగించాలి. అసలు బిగువు వచ్చేది ఈ అడ్డచుట్లతోనే. గోనెబస్తా మూతి కట్టినవాళ్ళకు చేతికి తెలిసిన పనే ఇది.

కట్టే ముందు హల్స్ రెండూ సమానంగా ఉన్నాయా చూసుకోవాలి. ముక్కుల మధ్య దూరం, తోకల మధ్య దూరం ఒకటే ఉండాలి. ఎడమ ముక్కు నుంచి కుడి తోకకు, కుడి ముక్కు నుంచి ఎడమ తోకకు కొలిస్తే కర్ణాలు రెండూ సమానంగా రావాలి. ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి చేసేది ఇదే. ఈ పని పెరట్లో కాదు, ఒడ్డున చేస్తాం. 12 అడుగుల వెడల్పు పడవ ఏ వీధిలోనూ పట్టదు. రెండు హల్స్, దూలాలు, కొయ్య విడివిడిగా లారీ ఎక్కించి, ఇసుక మీద పడవగా కట్టాలి.

చుక్కాని, కొయ్య, తెరచాప

చుక్కానులు కూడా తాడు కుట్టుతోనే హల్‌కు వేలాడతాయి. పలకలోనూ హల్ వెనక నిలువు చెక్కలోనూ ఎదురెదురుగా రంధ్రాలు వేసి, ఎనిమిది అంకెలా తాడు అల్లుతారు. తుప్పు పట్టే ఇనప కీలు అక్కర్లేదు. తెరచాప కొయ్యను అల్యూమినియం గొట్టంతోనో, అతికిన కలపతోనో చేసుకోవచ్చు. టికి తెరచాప కొయ్య చుట్టూ తొడుగులా ఎక్కుతుంది, పైన పొట్టి కర్ర ఒకటి దాన్ని చాచి పట్టుకుంటుంది. తొడుగు ఉండటం వల్ల కొయ్య వెనక గాలి చెదరదు.

తెరచాపను డేక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డతో ఇంట్లో కుట్టుకున్నవాళ్ళున్నారు. జిగ్‌జాగ్ కుట్టు వేసే గట్టి మిషను, పెద్ద హాలు కావాలి. మేం కుట్టే పనివాళ్ళకే ఇచ్చాం. మిగిలిన సమయానికి ఆ డబ్బు తగినదే. రీఫ్, అంటే గాలి పెరిగినప్పుడు తెరచాపను మడిచి చిన్నది చేసే ఏర్పాటు, కనీసం రెండు వరసలు పెట్టించండి.

నీళ్ళలోకి

కొబ్బరికాయ కొట్టే ముందే పోర్టు కార్యాలయంలో, మెరైన్ పోలీస్ స్టేషన్‌లో రిజిస్ట్రేషన్, అనుమతుల సంగతి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. చిన్న ఇంజన్ బిగించినా నిబంధనలు మారవచ్చు. ఒంటరిగా సముద్రంలోకి పోయే కొత్త ఆకారపు పడవను తీర రక్షణ వాళ్ళు ఆపి అడగడం సహజం. కాగితాలు వాటర్‌ప్రూఫ్ కవర్లో పడవలోనే ఉండాలి.

తూర్పు తీరంలో జనవరి నుంచి మార్చి దాకా కొత్త పడవకు మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు తుపానులవి, ఆ నెలల్లో దింపే ఆలోచన పెట్టుకోకండి. కాకినాడ అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుక మేట దాదాపు 16 కిలోమీటర్లు సాగి అలలను ఆపుతుంది. ఆ లోపలి నీళ్ళు కొత్త పడవకు ఊయల లాంటివి. వాతావరణ శాఖ బులెటిన్, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనా రెండూ చూశాకే బయల్దేరండి. తీర రక్షక దళం సహాయ నంబరు 1554 అందరికీ నోటికి రావాలి.

మొదటి రోజు తెరచాప ఎత్తకండి. తెడ్లతో, ఇంజన్‌తో తిప్పి, ఒడ్డుకు తెచ్చి, హల్స్‌లో చెయ్యి పెట్టి తడి చూడండి. రెండో రోజు పొద్దుటి పలచటి గాలిలో సగం తెరచాప. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేలోగా ఒడ్డు చేరండి. కెటమరాన్ ఒరగదు కాబట్టి గాలి ఎంత పెరిగిందో ఒంటికి తెలియదు. ఒంటి పడవ ఒరిగి హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించదు. అందుకే కంటితో చూడాలి. నీటి మీద తెల్ల నురగలు అక్కడక్కడా మొదలవగానే రీఫ్ చేయండి. తెరచాప తాడు చేతిలోనే ఉండాలి, దేనికీ కట్టేయకూడదు. తిరగబడిన ఈ సైజు కెటమరాన్‌ను మనుషుల బలంతో తిరిగి లేపడం చాలా కష్టం. కానీ మూసిన గదులు గట్టిగా ఉంటే తేలుతూనే ఉంటుంది. దాన్ని వదిలి ఈదడానికి పోకండి, లైఫ్ జాకెట్‌తో దాని మీదే ఉండండి.

వలలున్న చోట దూరంగా తిరగండి. వల ఒకరి నెల జీతం. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఒడ్డుకే గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట హోప్ ఐలాండ్ ఇసుక మీద దిగడానికి అటవీ శాఖను అడగాలి.

మొదటి తిరుగుడు నుంచి రాగానే దూలాల కట్లన్నీ విప్పి మళ్ళీ కట్టండి. కొత్త తాడు మొదటి రోజే కూర్చుంటుంది. మాకు ముందు దూలం ఎడమ కట్టు చిటికెన వేలు దూరేంత వదులైంది. ఆ తర్వాత నెలకొకసారి ప్రతి కట్టునూ వేలితో మీటి చూడండి. బిగువుగా ఉన్నది టంగుమంటుంది, వదులైనది పలకదు. ఎండ తగిలే కట్ల మీద పాత కాన్వాస్ గుడ్డ కప్పి ఉంచండి.